కోటిపాలెం పెంపుడు జీవుల నమోదు

కోటిపాలెం పురపాలక సంఘం ప్రజారోగ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటు సూర్యచంద్రరావుకి ఆఫీసులో ఒక పేరుంది. చూసింది చూసినట్టు రాస్తాడని. ఒకసారి ఆరో వార్డు వీధిదీపం మీద నివేదిక ఇమ్మంటే వెళ్ళి, చూసి, వచ్చి, "స్తంభం కలదు. బల్బు కలదు. వెలుగు లేదు. స్తంభానికి గేదె కట్టబడి ఉన్నది. గేదె ఆరోగ్యంగా ఉన్నది," అని రాసిచ్చాడు. ఇలాంటి మనిషి వల్ల ఆఫీసుకి లాభం లేదు గానీ ప్రమాదమూ ఉండదని అందరూ అనుకునేవారు. ఆ రెండో మాట తప్పని కిందటి వేసవిలో తేలింది.

సంగతి పెంపుడు జంతువుల నమోదుతో మొదలైంది. అంతకు ముందు ఏడాది కూడా నమోదు పెట్టారు. అప్పటి నోటీసులో "కుక్కలు, పిల్లులు" అని రాశారు. సిబ్బంది ఇంటింటికీ వెళ్తే రైసుమిల్లు యజమాని గేటు దగ్గరే ఆపేసి, "కుక్కేంటండీ, ఇది లాబ్రడార్," అన్నాడు. సిబ్బంది కుక్క అన్నందుకు ఆయన భార్య రెండ్రోజులు అన్నం సరిగా తినలేదట. బ్యాంకు కాలనీలో ఒకాయన ఒళ్ళో కుందేలుని పెట్టుకుని, "మీ కాయితంలో కుందేలు లేదు కదండీ," అని తలుపేసుకున్నాడు. చిలకలవాళ్ళు, తాబేళ్ళవాళ్ళు, పొట్టేలుని సోఫాలో కూర్చోబెట్టుకున్న ఒక కాంట్రాక్టరు, అందరూ అదే దారి పట్టారు. చివరికి ఊరు మొత్తం మీద పెంపుడు జంతువులు పదకొండు తేలాయి. వాటిలో మూడు కమిషనర్ బంగళావే.

కొత్తగా వచ్చిన కమిషనర్ గారు సూర్యచంద్రరావుని పిలిపించారు. ఈ కమిషనర్ గారు మామూలుగా మాట్లాడడం ఉద్యోగంలో చేరిన రోజే మానేశారు. మంచినీళ్ళడిగినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"జాతి పేరు ఎత్తకుండా, కేవలం లక్షణాల ప్రాతిపదికన, సమగ్రమైన నిర్వచనం తయారు చేయవలసి ఉన్నది. ఏ జీవీ మన పరిధి నుంచి తప్పించుకోరాదు. సోమవారం ఉదయం పది గంటల లోపు సమర్పించగలరు."

"చిత్తం సార్. పశువైద్య శాఖ వారిని ఒకమాట అడిగి..."

"వారి అభిప్రాయం స్వీకరించడమైనది. పెంపుడు జీవి ఏదీ ఇరవై ఏళ్ళకు మించి బతకదన్నారు. ఆ వయోపరిమితి చేర్చండి. తక్కినది మీరు ప్రత్యక్షంగా పరిశీలించి రాయవలసింది."

తాబేలు సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక ప్రత్యక్ష పరిశీలన మిగిలింది. సూర్యచంద్రరావు ఇంట్లో జంతువనేదే లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక అట్టా కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చున్నాడు. ఆలోచన కోసం ఎదురుగా చూశాడు. ఎదురుగా సోఫా ఉంది. సరిగ్గా ఫాను కింద ఉంది. సోఫాలో కూతురు తన్మయి ఉంది. పదహారేళ్ళ పిల్ల. తల ఒక చేతి మీద, కాళ్ళు గోడ మీద, మొహం ఫోనులో.

"తన్మయీ," అని పిలిచాడు.

ఆ పిల్లలో చలనం లేదు.

"తన్మయీ, ఆ కళ్ళజోడు ఇలా అందుకోమ్మా."

ఒక చెవి కొంచెం కదిలినట్టనిపించింది, అంతే. ఇంతలో వంటింట్లో భార్య మంగతాయారు జంతికల డబ్బా మూత తీసింది. పెద్ద చప్పుడేం కాదు. రెప్ప వేసి తెరిచేసరికి సోఫా ఖాళీ. తన్మయి వంటింటి గుమ్మంలో ఉంది. నాలుగు జంతికలు పట్టుకుని మళ్ళీ వచ్చి అదే గుంటలో అలాగే సర్దుకుంది. పక్కింటావిడ గిన్నె ఇవ్వడానికి తలుపు తట్టగానే లేచి, ఒక్క మాట లేకుండా తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక తిరిగి వచ్చింది.

సూర్యచంద్రరావు కలం దానంతటదే నడిచింది. తను ఎవర్ని చూసి రాస్తున్నాడో ఆయనకి స్పృహ లేదు. మనసు వేరే చోట ఉంది. జూన్ పన్నెండున తన్మయిని జిల్లా కేంద్రంలోని అగ్రశిఖర రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో చేర్చాలి. ఊళ్ళో ఎవరిని కదిపినా అగ్రశిఖర మాటే. కాలేజీ ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చోబెట్టి వాళ్ళిచ్చిన చల్లని మజ్జిగ ఆయనకింకా నాలిక మీదే ఉంది.

ఒక్క చిక్కల్లా తన్మయి. "నేనక్కడికి వెళ్ళను నాన్నా. ఇక్కడ గవర్నమెంటు కాలేజీలో చేరతాను. బాగానే చదువుతానుగా," అంది పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు. మార్కులు బాగానే వచ్చాయి మరి. "ఊళ్ళో పిల్లలందరూ అక్కడ చేరుతుంటే నువ్వొక్కదానివీ ఇక్కడ కూర్చుంటావా," అన్నాడు సూర్యచంద్రరావు. అప్పటినుంచీ ఆ పిల్ల తండ్రితో మాట్లాడడం మానేసింది. అడిగితే "ఊ", లేకపోతే "ఉహూ". ఆయన ఆ "ఊ"లన్నీ కలిపి ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు.

సోమవారం పది గంటలకి నిర్వచనం కమిషనర్ గారి బల్ల మీదికి చేరింది.

"పెంపుడు జీవి అనగా: సొంత సంపాదన లేక, గృహ యజమాని పెట్టు తిండి తినుచు, ఇరవై ఏళ్ళ లోపు వయసు గలదై, ఈ క్రింది ఆరింటిలో నాలుగు లక్షణములు చూపునది. (ఒకటి) దినమునకు పది గంటలకు పైబడి నిద్రించును. (రెండు) గృహమునందు గాలి బాగుగా వచ్చు స్థలమును ఆక్రమించును. (మూడు) పేరు పెట్టి పిలిచిన రాదు. డబ్బా మూత తీసిన వచ్చును. (నాలుగు) అతిథులు వచ్చిన దాగును, లేదా గుర్రుమనును. (ఐదు) స్నానపుగది తూములో వెంట్రుకలు వదులును. (ఆరు) కోపము వచ్చిన తిండి మానును. ఎవరూ లేనప్పుడు వచ్చి పళ్ళెము చూసుకొనును."

కమిషనర్ గారు రెండుసార్లు చదివారు. "అద్భుతమైన పరిశీలన. మీరు కనీసం అరడజను జంతువుల మధ్య మసలి ఉండాలి," అన్నారు. వెనకాల జతపరచడానికి పైనుంచి వచ్చిన సంక్షేమ నియమాల ప్రతి ఒకటి బీరువాలో ఉంటే, దాన్ని "షెడ్యూలు మూడు" అని పేరు పెట్టి కుట్టేశారు. దాన్ని ఎవరూ చదవలేదు. చదవడానికి కుట్టరు కదా.

ఇంటింటి సర్వే వార్డు కార్యదర్శి దుర్గాభవాని చేతికొచ్చింది. పాతికేళ్ళ పిల్ల, కొత్త ఉద్యోగం, చేతిలో ట్యాబ్. అందులో ఏ గడి ఉంటే అది నింపుతుంది, లేనిది తనకి కనబడదు. ముందుగా రైసుమిల్లు వారింటికే వెళ్ళింది. లాబ్రడార్ గేటు దాకా ఎదురొచ్చి తోకాడించింది.

"పిలిస్తే వస్తుందాండీ?"

"పిలవక ముందే వచ్చేస్తాదమ్మా," అన్నాడు యజమాని.

"పొద్దున్న ఎన్నింటికి లేస్తుంది?"

"నాలుగున్నరకల్లా లేసి కూసుంటాది. పేపరట్టుకొత్తాది. గేటు కాత్తాది. మా అత్తగారొస్తే కాళ్ళ కాడ కూసుంటాది."

దుర్గాభవాని ట్యాబ్ వంక చూసింది. "సారీ అండి. ఒక్క లక్షణం కూడా కలవలేదు. యాప్ దీన్ని ఇంటి ఉద్యోగి కింద చూపిస్తోంది. ఇంట్లో ఇరవై ఏళ్ళ లోపువి ఇంకేమైనా ఉన్నాయాండీ?"

"మావోడున్నాడు, పదిహేడు. పడుకున్నాడు."

అప్పుడు టైము పదకొండున్నర. దుర్గాభవాని ఒక్కో ప్రశ్నే అడిగింది. లోపలినుంచి ఆ అబ్బాయి తల్లి వచ్చి గుమ్మాన్ని ఆనుకుని, ఒక్కో ప్రశ్నకీ ఉదాహరణలతో సహా జవాబు చెప్పింది. చివరి ప్రశ్నకి కళ్ళు తుడుచుకుని, "ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు అడిగారమ్మా," అంది. ఆరింటికి ఆరు. ట్యాబ్ ఆకుపచ్చగా వెలిగింది.

అదే వరస ఊరంతా నడిచింది. చిన్నపిల్లలకి మార్కులు పడలేదు, వాళ్ళు పిలిస్తే వస్తారు, పిలవకపోయినా వస్తారు. కుక్కలు పరీక్ష తప్పాయి. పిల్లులు కొన్ని గట్టెక్కాయి. పదమూడు దాటి ఇరవై లోపున్న వాళ్ళలో మాత్రం తప్పించుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండు వారాల్లో కోటిపాలెంలో పెంపుడు జీవులు పదకొండు నుంచి నాలుగు వేల నూట పన్నెండుకి పెరిగాయి.

జాబితా సూర్యచంద్రరావు బల్ల మీదికి వచ్చింది. మూడువందల పదిహేడో నంబరు: తన్మయి, యజమాని సూర్యచంద్రరావు, లక్షణాలు ఆరు. సమాచారం ఇచ్చినవారు: మంగతాయారు. పరుగున కమిషనర్ గారి గదికి వెళ్ళాడు.

"సార్, చిన్న పొరపాటు జరిగింది. ఇందులో దాదాపు అందరూ మన పిల్లలే సార్."

"నిర్వచనమునకు సరిపోయినారా, లేదా?"

"సరిపోయారు సార్."

"మరి పొరపాటు ఎక్కడ?" కమిషనర్ గారు బల్ల మీదున్న ప్రశంసాపత్రం ఇటు తిప్పారు. జీవుల నమోదులో కోటిపాలేనికి రాష్ట్రంలో ప్రథమ స్థానం. "పొరపాటని అంగీకరించినచో దీనిని తిరిగి పంపవలసి ఉంటుంది. తిరిగి పంపుటకు నమూనా లేఖ ఏదియు మన వద్ద లేదు. అదిగాక, మా అబ్బాయి నంబరు రెండు. నేనేమైనా అన్నానా?"

దాంతో అమలు మొదలైంది. ప్రతి జీవి మెడలోనూ ఇత్తడి బిళ్ళ వేలాడింది, దగ్గర్లో ట్యాబ్ పైకెత్తితే కుయ్యిమనే రకం. తల్లిదండ్రులు మొదట ముఖం చిట్లించారు గానీ, చీకటి పడ్డాక తోడు లేకుండా వీధిలో తిరిగే పెంపుడు జీవుల్ని బండిలో ఎక్కించి ఇంటి దగ్గర దింపుతారని తెలిశాక పురపాలక సంఘానికి దండం పెట్టారు. వల కట్టిన ఆ బండి సెంటర్లో టీకొట్టు ముందు ఆగితే చాలు, ఇరవైమంది కుర్రాళ్ళు గోడలు దూకేవారు. కమిషనర్ గారబ్బాయిని వరసగా నాలుగు రోజులు దింపారు. ఐదో రోజు వాడే బండి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు, ఆటో కోసం తిరగక్కర్లేదని.

పశువుల ఆసుపత్రి ముందు టీకాల వరస బజారు దాకా వచ్చింది. మంగతాయారు తన్మయిని వెంటబెట్టుకుని వెళ్ళింది. డాక్టరు గారు ముప్పై ఏళ్ళుగా అడిగే ప్రశ్నలే అడిగారు.

"కరుస్తుందాండీ?"

"ఇదివరకు మాటకి మాట అప్పజెప్పేదండి. ఇప్పుడు అదీ లేదు. వాళ్ళ నాన్నతో అసలు మాటే లేదు," అంది మంగతాయారు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు దాటిందండి."

డాక్టరు గారు తన్మయి కళ్ళలోకి టార్చి వేసి చూశారు. "ఆరోగ్యం బాగానే ఉందమ్మా. చోటు మారుస్తున్నారా ఏమైనా? చోటు మారుస్తున్నారని వాటికి ముందే తెలిసిపోద్ది. అప్పుడిలాగే మూల పట్టుకుంటాయి," అన్నారు. మంగతాయారు ఇంటికొచ్చి ఆ మాట భర్తకి చెప్పింది. ఆయన పేపరు తిరగేస్తూ విన్నాడు, అంటే వినలేదు.

ఊళ్ళో పిల్లలు మొదటి వారం బిళ్ళల్ని చొక్కాల్లో దాచుకుని సిగ్గుతో చచ్చిపోయారు. రెండో వారం కథ తిరగబడింది. దానికి కారణం తన్మయి. ఆఫీసు కాగితాల కట్ట ఒకటి సూర్యచంద్రరావు ఇంట్లో బల్ల మీద పెట్టి మరిచిపోతే, ఆ పిల్ల మొదటినుంచి చివరిదాకా చదివింది. కోటిపాలెంలో షెడ్యూలు మూడు చదివిన మొదటి ప్రాణి అదే.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తన్మయి నోరు విప్పింది. సూర్యచంద్రరావు ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నియమం రెండు. ఏ పెంపుడు జీవినీ రోజుకి ఎనిమిది గంటలకి మించి ఒకే గదిలో బంధించకూడదు. నియమం మూడు. ఎండ, గాలి తగలాలి. నియమం ఐదు. నిద్ర చెడగొట్టకూడదు. నియమం ఆరు. శక్తికి మించి బరువు మోయించకూడదు. నియమం తొమ్మిది. దాని అనుమతి లేకుండా దాన్ని ప్రదర్శనకి పెట్టకూడదు. ఇది మీరు రాసిందేనా నాన్నా?"

"నేను కాదమ్మా. అది పైనుంచి వచ్చింది. వెనకాల కుట్టామంతే."

"బాగా రాశారు, ఎవరో," అని పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

మర్నాటికి ఆ కాగితం ఫోటో నాలుగు వేల ఫోన్లలో ఉంది. ఆ వారం దుర్గాభవానికి ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. ఎక్కడ ఫిర్యాదు వస్తే అక్కడికి వెళ్ళి గడి నింపింది. పద్నాలుగు మందిని కుక్కిన వేసవి ట్యూషను ఆటోని సెంటర్లో ఆపి, జీవుల రవాణా నియమం ప్రకారం పదిమందిని దింపింది. ట్యూషను సంచుల్ని కాటాలో వేయించింది. లెక్కల మాస్టారు ఒకాయన కేకలేస్తున్నాడని వెళ్ళి, "జీవిని బెదిరించరాదు," అని గోడకి అంటించి వచ్చింది. ఆ మాస్టారు అప్పట్నించీ త్రికోణమితి జోలపాటలాగా చెబుతున్నారు. ఊరి మొగలో అగ్రశిఖర వాళ్ళ ఫ్లెక్సీ ఉండేది. అక్కడ మొదటి ఏడాది చదివిన నూట యాభై మంది పాస్‌పోర్టు ఫోటోలు, ఒక్కో ఫోటో కింద ర్యాంకు. అందులో ముప్పై ఆరుగురు కోటిపాలెం జీవులు. అనుమతి లేని ప్రదర్శన కింద దాన్ని దింపించారు. ఆ వెనకాల ఇన్నాళ్ళూ ఒక వేపచెట్టు ఉందని ఊరికి అప్పుడే తెలిసింది.

ఇళ్ళల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున్నే లేపబోయిన తండ్రికి దుప్పటి లోంచి చెయ్యి బయటికొచ్చి నియమం ఐదు చూపించేది. పక్కింటి వాడితో పోల్చబోయిన తల్లికి నియమం పదకొండు అడ్డొచ్చేది, వేరు వేరు జీవులకి పోటీ పెట్టి కవ్వించరాదని. అయినా ఆశ్చర్యమేమిటంటే, వారం తిరక్కుండా చాలా ఇళ్ళల్లో పిల్లలు హాల్లోకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. రోజుకి రెండుసార్లు బయట తిప్పాలని నియమం ఏడు. కాలవగట్టు మీద సాయంత్రం పూట ఎటు చూసినా తండ్రీ, పక్కన బిళ్ళా. మొదట్లో మాటల్లేవు. తర్వాత్తర్వాత కాస్త కాస్త వినిపించాయి.

అంతలో ఫిర్యాదుల పెట్టెలోకి ఒకటొచ్చి పడింది. "అగ్రశిఖర కాలేజీ హాస్టల్లో సెలవులకి వచ్చి బిళ్ళలు వేయించుకుని వెళ్ళిన కోటిపాలెం జీవులు ముప్పై ఆరు ఉన్నాయి. అవి ఎలా ఉన్నాయో చూడగలరు. ఇట్లు, నంబరు 317." నలభై ఎనిమిది గంటల్లో తనిఖీ చెయ్యాలని రూలు. బిళ్ళ ఎక్కడుంటే పరిధి అక్కడిదాకా అని ఇంకో రూలు. నిర్వచనం రాసిన అధికారి వెంట ఉండాలని మూడో రూలు. జూన్ ఆరో తారీకున జోరు వానలో సూర్యచంద్రరావు, దుర్గాభవాని అగ్రశిఖర గేటు ముందు దిగారు.

ప్రిన్సిపాల్ టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు. "మా క్యాంపస్‌లో జంతువులేవీ లేవండి. క్రమశిక్షణ కలిగిన వాతావరణం. దోమ కూడా పర్మిషన్ తీసుకునే లోపలికొస్తుంది."

దుర్గాభవాని ట్యాబ్ పైకెత్తింది. మూడో అంతస్తు నుంచి ముప్పై ఆరు బిళ్ళలు ఒకేసారి కుయ్యిమన్నాయి.

సూర్యచంద్రరావుని ఈసారి ఏసీ గదిలో కూర్చోబెట్టలేదు. మెట్లెక్కాడు. హాలంత గది, గోడ నుంచి గోడకి మంచాలు, మంచం మీద మంచం. పిల్లలందరూ పుస్తకాల్లోకి వంగి ఉన్నారు. దుర్గాభవాని టేపు పట్టి కొలిచింది, నోట్లో లెక్క వేసుకుంది. "ఒక్కో జీవికి ఉండాల్సిన చోటులో మూడో వంతుందండి. ఎన్ని గంటలు గదిలో ఉంచుతారు?"

"పొద్దున్న నాలుగున్నర నుంచి స్టడీ అవర్స్. రాత్రి పదిన్నరకి లైట్లు ఆపుతాం," అన్నాడు ప్రిన్సిపాల్ గర్వంగా.

"ఆరుబయట తిప్పేది?"

"ఆదివారం పరీక్ష హాలుకి వెళ్ళేటప్పుడు వరండాలో నడుస్తారు కదండీ."

"కిటికీలకి చెక్కలెందుకు కొట్టారు?"

"బయటికి చూస్తున్నారండి." ప్రిన్సిపాల్‌కి ఓపిక నశించింది. "చూడమ్మా, మీరు పొరబడుతున్నారు. మీ రూల్సన్నీ జంతువులకి. వీళ్ళు జంతువులు కాదు, మనుషులు. మనుషులకి ఇవన్నీ అక్కర్లేదు."

దుర్గాభవాని ఆ మాట ఉన్నదున్నట్టు ట్యాబ్‌లో ఎక్కించుకుంది.

సూర్యచంద్రరావు మంచాల మధ్య నిలబడిపోయాడు. కింది మంచం మీద కూర్చున్న ఒక అమ్మాయి, తన్మయి ఈడుదే, తలెత్తి ఆయన చొక్కా వంక చూసింది. అది భుజాల దాకా తడిసి ఉంది.

"బయట వాన పడుతోందా అంకుల్?" అని మెల్లిగా అడిగింది.

"పడుతోందమ్మా."

"పెద్దదా?"

"పెద్దదే."

ఆ అమ్మాయి ఆయన వెళ్ళిపోయేదాకా పుస్తకం మీద వేలు పెట్టుకుని ఆ తడి చొక్కానే చూసింది. తిరుగు బస్సులో దుర్గాభవాని నివేదిక నింపుకుంటుంటే సూర్యచంద్రరావు కిటికీలోంచి వానని చూస్తూ కూర్చున్నాడు. అయినా మనిషి కదా, సర్దుకోవడానికే చూశాడు. రెండేళ్ళేగా, అందరూ గట్టెక్కుతున్నారుగా అనుకున్నాడు. బస్సు కోటిపాలెం చేరేలోపు ఆ మాట పదిసార్లు అనుకున్నాడు, పదిసార్లూ అది నిలబడలేదు.

తనిఖీ నివేదిక వెళ్ళగానే అగ్రశిఖర వాళ్ళు కబురు పంపారు. బిళ్ళ ఉన్న విద్యార్థుల్ని చేర్చుకోరు. మనుషులని కాగితం తెస్తేనే సీటు. ఊళ్ళో తల్లిదండ్రుల్లో గగ్గోలు పుట్టింది. కమిషనర్ గారు మాత్రం చలించలేదు. ఆయన సమస్యని చూసిన ప్రతిసారీ ఒక కొత్త ఫారం కనిపెడతారు.

"నమోదు రద్దు చేయుట కుదరదు, ప్రశంసాపత్రం ఉన్నది. కావున పునర్వర్గీకరణ చేపట్టడమైనది. యజమాని దరఖాస్తు మేరకు సదరు జీవికి మానవ ధ్రువీకరణ పత్రం జారీ చేయబడును. ప్రథమ పత్రం నిర్వచనకర్త కుమార్తెకు అందజేయుట సముచితము. అందరికీ ఆదర్శముగా ఉండును."

జూన్ పదకొండు పొద్దున్న పురపాలక కల్యాణ మండపంలో సభ. వేదిక మీద కమిషనర్ గారు, పక్కన ప్రత్యేక ఆహ్వానితుడిగా ప్రిన్సిపాల్. కింద వరసలో మూడు వందలమంది తండ్రులు, పక్కన వాళ్ళ పిల్లలు. అందరికంటే ముందు సూర్యచంద్రరావు, తన్మయి. ఇంటి దగ్గర ట్రంకు పెట్టె సర్ది ఉంది. రేపు పొద్దున్న ఆరింటి బస్సు.

దుర్గాభవాని ఫారం బల్ల మీద పెట్టి కలం ఇచ్చింది. సూర్యచంద్రరావు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"నా సంరక్షణలో ఉన్న పై జీవిని ఇకమీదట మనిషిగా పరిగణించవలసిందిగా కోరుచున్నాను. తత్ఫలితముగా ఈ క్రింది సదుపాయములు సదరు వ్యక్తికి వర్తించవని ఎరిగి, ఒక్కొక్కదాని ఎదుట పొడి సంతకము చేయుచున్నాను."

కింద వరసగా ఉన్నాయి. తగినంత నిద్ర. దాని ఎదుట ఒక గడి. ఎండ, గాలి. ఒక గడి. రోజుకి రెండుసార్లు ఆరుబయట నడక. బెదిరింపు లేకుండా ఉండుట. మరొక జీవితో పోల్చబడకుండుట. చివరగా పన్నెండోది, "దినమునకు ఒకసారైనను యజమాని దగ్గరకు తీసి నిమురుట."

కలం మొదటి గడి మీద ఆనింది. సూర్యచంద్రరావు పక్కకి చూశాడు. తన్మయి ఫారం చదవడం లేదు. మండపం కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట చూడ్డానికి ఏమీ లేదు, గోడ మీద ఒక కాకి, ఆరేసిన షామియానా గుడ్డ. అయినా కన్నార్పకుండా చూస్తోంది, ఇంకో రెండేళ్ళకి సరిపడా చూసి పెట్టుకుంటున్నట్టుగా. ఆ పిల్ల ఇన్నాళ్ళుగా ఎందుకు మాట్లాడడం లేదో సూర్యచంద్రరావుకి అప్పుడు అర్థమైంది. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి తనకి ఒక నిర్వచనం, ఒక షెడ్యూలు, ఒక తనిఖీ కావలసి వచ్చినందుకు సిగ్గేసింది. కలం మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఏమి ఆలస్యము?" అన్నారు కమిషనర్ గారు మైకులో.

"ఈ సంతకం నేను పెట్టలేనండి."

"ఏ కారణము చేత?"

"మా అమ్మాయి పెంపుడు జీవే సార్. నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది. నేనే చూసి రాశాను."

ప్రిన్సిపాల్ ముందుకి వంగాడు. "సూర్యచంద్రరావు గారూ, ఆలోచించుకోండి. కన్నకూతుర్ని చేజేతులా జంతువుల్లో ఉంచేస్తున్నారు."

"ఉంచేస్తున్నానండి. అక్కడైతే కిటికీ ఉంటుంది."

తన్మయి కిటికీ మీంచి చూపు తిప్పి తండ్రి వంక చూసింది. దగ్గరికి జరిగి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

కమిషనర్ గారు ఫారాన్నీ, నియమాల్నీ తిరగేశారు. ఏ నియమంలోనూ అడ్డు దొరకలేదు. "దరఖాస్తు లేనిదే జీవిని బలవంతముగా మనిషిని చేయు అధికారము మాకు లేదు," అని ఒప్పుకున్నారు. "అయితే రికార్డులో ఇదే వర్గీకరణ కొనసాగును. ఎంతకాలము కొనసాగించవలెనో తెలియజేయండి."

"రెండేళ్ళు సార్. ఇక్కడే గవర్నమెంటు కాలేజీలో ఇంటర్ పూర్తయ్యేదాకా జంతువు కిందే ఉండనివ్వండి. అదయ్యాక నేనే తీసుకొచ్చి మనిషి కింద రాయించుకుంటాను."

దుర్గాభవాని ట్యాబ్‌లో వెతికి ఆ గడి నింపింది. సూర్యచంద్రరావు కూతుర్ని తీసుకుని వరసలోంచి పక్కకి తప్పుకున్నాడు. వెనకాలున్న రైసుమిల్లు యజమాని బల్ల దగ్గరికి జరిగాడు. కొడుకు వంక ఒకసారి చూశాడు, ఫారం వంక ఒకసారి చూశాడు, ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అమ్మా, మావోడిక్కూడా ఓ రెండేళ్ళు అలాగే రాసెయ్యి," అన్నాడు.